జర సూసి చెప్పుండ్రి

ఆ ఎండాకాలమంతా నేను ముక్కూ మొహం తెలియని మనుషుల మాటలు వింటూ గడిపాను. తొర్రూరులో మా ఇంటి మేడ మీద చిన్న గది. అందులో లాప్‌టాప్ ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, ఒక్కొక్క మాటా విని అక్షరాల్లో పెట్టడం నా ఉద్యోగం. రైతులకూ వ్యాపారులకూ పనికొస్తుందని ఎవరో తెచ్చిన ఫోన్ ఆప్ అది. నోటితో అడిగితే నోటితోనే జవాబు చెప్తుంది. పత్తి ధరా, వాన కబురూ, పురుగుమందూ, ఏదడిగినా ఏదో ఒకటి చెప్తుంది. మనం అడిగినదాన్ని ముందు తనకు అర్థమైనట్టు రాసుకుంటుంది. ఆ రాతలో తప్పులు దిద్ది దానికి తెలుగు నేర్పడానికి మాలాంటివాళ్లను పెట్టుకున్నారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నుంచి వచ్చే మాటలన్నీ చిన్న చిన్న ముక్కలుగా మా జట్టుకే వచ్చేవి. ఆ పక్క మాట తెలిసినవాళ్లు కావాలని ఏరి మరీ తీసుకున్నారు. నేను పుట్టింది రఘునాథపల్లిలో, కాపురానికొచ్చింది తొర్రూరు, కాబట్టి ఉద్యోగం సులువుగానే దొరికింది. తెలిసినవాళ్లు కావాలన్నారు గానీ తెలిసినట్టు రాయనిచ్చేవాళ్లు కాదు. 'పోయినం' అని విన్నది విన్నట్టు రాస్తే ఎర్ర గుర్తుతో తిరిగొచ్చేది, 'వెళ్లాము' అని మార్చమని. 'ఎట్ల' అంటే 'ఎలా', 'గిది' అంటే 'ఇది'. మా జట్టుకు పెద్ద పృథ్వీ అని హైదరాబాదు నుంచి మాట్లాడే కుర్రవాడు. మొదట్లో అతనితో వాదించాను.

"అందరికీ అర్థమయ్యే తెలుగు కావాలంటున్నారండి పైవాళ్లు. నా చేతిలో ఏం లేదు వినీతగారూ" అనేవాడు. అతని గొంతులోనూ అలసటే.

ఎండలు ముదిరేసరికి వాదించే ఓపిక పోయింది. వాళ్లు అడిగినట్టే దిద్దుతూ పోయాను. సాయంత్రం మెట్లు దిగి కిందికొస్తే చెవుల్లో హోరు. ఇంట్లోవాళ్లు మాట్లాడినా ఏ మాట ఎక్కడ తప్పో అని మనసులో గుర్తులు పెడుతూ ఉండేదాన్ని.

మా ఇంట్లో అయిదుగురం. మా మామయ్య రామ్మోహన్‌గారికి మెయిన్ రోడ్డు మీద విత్తనాలు, ఎరువుల దుకాణం. అత్తమ్మ సునంద ఇల్లు చూసుకుంటుంది. నా భర్త అరవింద్ రోజూ బస్సెక్కి మహబూబాబాద్ పోయి ఒక ఆఫీసులో పనిచేసి వస్తాడు. మా అక్షర నాలుగో తరగతి. దానికి సెలవులిచ్చిన దగ్గర్నుంచి ఫోనే లోకం.

ఒక సాయంత్రం అన్నాల దగ్గర అది ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకుని, "దయచేసి నాకు ఏనుగు గురించి కొన్ని విషయాలు తెలియజేయండి" అంది.

"గిదేం మాట బిడ్డా, రేడియోల వార్తలు సదివినట్టు?" అంది అత్తమ్మ.

"గట్లంటెనే దానికి సమజైతది నానమ్మా. మనలెక్క మాట్లాడితె దానికి రాదు."

అత్తమ్మకు పంతం వచ్చింది. ఫోన్ అందుకుని, "రేపు మబ్బు పడ్తదా?" అని అడిగింది. తొక్కు కోసం మామిడికాయ ముక్కలు ఎండబెట్టాలని ఆమె ఆలోచన. ఫోన్ ఒక్క క్షణం ఆగి, డబ్బు ఖాతాలో పడే విషయం బ్యాంకు వారినే సంప్రదించమని మర్యాదగా చెప్పింది. అక్షర పడిపడి నవ్వింది. అత్తమ్మ ఫోన్‌ను పీట మీద బోర్లించి, "చెవిటోని ముందల శంఖం ఊదినట్టే ఉన్నది" అంది.

"నేర్చుకుంటదమ్మా. వినీత అసొంటోళ్లు నేర్పుతనే ఉన్నరు గద" అన్నాడు అరవింద్. అతనికి అలాంటివంటే నమ్మకం. ఆఫీసులో ఉత్తరాలన్నీ దానితోనే రాయిస్తాడు. "నాకైతే సగం పని తప్పింది. రేపు ఇంకెంత నేరుస్తదో."

"నేర్పేటామె మొకం సూడు, ఎట్ల గుంజుకపోయిందో. గంత మాట్లాడాలంటె మనిషితోని మాట్లాడరాదా" అంది అత్తమ్మ.

మామయ్య ఏమీ అనలేదు. మజ్జిగన్నం కలుపుకుని తిని, చెయ్యి కడుక్కుని లేచిపోయారు. ఆయన ఎప్పుడూ అంతే. ఉన్న మాటలన్నీ దుకాణంలోనే అయిపోతాయి అనేది అత్తమ్మ. తొలకరి ముందు మా దుకాణం తిరునాళ్లలా ఉంటుంది. మండు వేసవిలో మాత్రం మధ్యాహ్నాలు పురుగు కూడా రాదు. ఆయన షట్టర్ సగం దించుకుని, ఫ్యాన్ కింద ఒక్కరే కూర్చునేవారు. ధరలు తెలుస్తాయని అరవింద్ ఆ ఆప్‌ను ఆయన ఫోన్‌లో కూడా వేసిచ్చాడు. వేసేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. తెర మీద వచ్చిన పెద్ద ఆకుపచ్చ గడినల్లా నొక్కుకుంటూ పోయాడు. మాటలు దాచుకోవచ్చా అన్నచోట 'వద్దు' అన్నది ఎక్కడో కింద, కనపడీ కనపడని బూడిదరంగు అక్షరాల్లో ఉంది. అది ఎవరు చూస్తారు?

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కింద వాకిట్లో అత్తమ్మ ఆవపిండి జల్లిస్తోంది. నేను ఆ రోజు వాటాలో సగం దాకా వచ్చాను. ఒక ముక్క తెరిచాను. మిషను రాసుకున్నది పైన కనిపిస్తోంది: 'ఇది నా కోసం కాదు మా దగ్గర వాళ్ల కోసం మెట్లెక్కితే రమ్మని బరువు పెట్టి ఎడమ చేయి గింజ ఉంది గ్యాస్ ఏనా.' అర్థంపర్థం లేదు. అలాంటివి రోజూ చూసేదాన్నే. వినడం మొదలుపెట్టాను.

"నమస్తే అండి. గిది నా కోసం కాదు, మా దగ్గరోళ్ల కోసం అడుగుతున్న. మెట్లెక్కితె రొమ్ముల బరువు పెట్టినట్టయితుంది. ఎడమ చెయ్యి గుంజుతుంది. గ్యాసేనా? ఇంట్ల చెప్తె పరేషానయితరు. జర సూసి చెప్పుండ్రి."

మిషన్‌కు నమస్తే పెట్టి, అండి అని పిలిచే మనిషి నాకు తెలిసి ఒక్కరే ఉన్నారు. అయినా హెడ్‌ఫోన్లు సర్దుకుని మళ్లీ విన్నాను. 'సూసి' అన్నచోట గొంతు సన్నగా అయిపోవడం, మాట అయ్యాక చిన్నగా దగ్గడం. వెనక మా దుకాణం ఫ్యాన్ టకటకమంటోంది. మూడోసారి వినలేదు.

మాకు వచ్చే ముక్కలకు తేదీ ఉండదు. పేరూ ఉండదు, జిల్లా పేరొక్కటే. ఇది నిన్నటి మాటో, రెండు నెలల కిందటి మాటో తెలియదు. పృథ్వీకి ఫోన్ చేశాను.

"ఒక ముక్క ఏ రోజుదో చూడొచ్చా?"

"మనకు కనపడదండి. ఎందుకూ?"

"అందులో గొంతు మా మామయ్యది."

అతను గొంతు తగ్గించి, "ఆ మాటలు బయట ఎవరితోనూ అనకూడదండి వినీతగారూ. చేరేటప్పుడు ఒప్పుకున్నారు కదా" అన్నాడు.

"ఎడమ చెయ్యి గుంజుతుందంటున్నరు పృథ్వీ. రొమ్ముల బరువంటున్నరు."

లైన్ తెగిందనుకున్నాను.

"అక్కా" అన్నాడు. అతను నన్ను అట్లా పిలవడం అదే మొదలు. "మాది భూపాలపల్లి కాడ ఊరు. గుంజుడంటె ఏందో నాకు ఎర్కే. తారీఖు సంగతి ఇడిసిపెట్టు. ముందుగల దవాఖానకు తోల్కపో. నువ్వేం చెప్పలె, నేనేం ఇనలె."

కిందికి దిగాను. వాకిట్లో అత్తమ్మ తల ఎత్తి, "గీ ఎండల ఎటు?" అంది. దుకాణం దాకా అని మాత్రం చెప్పి చెప్పులేసుకున్నాను. రోడ్డు మీద తారు మెత్తబడి ఉంది. దారి పొడుగునా ఎట్లా మొదలుపెట్టాలో కూడబలుక్కుంటూ నడిచాను గానీ, తీరా దుకాణం మెట్టు ఎక్కాక ఒక్కటీ గుర్తుకు రాలేదు.

సగం దించిన షట్టర్ కింద నుంచి వంగి లోపలికి పోయాను. మామయ్య బల్ల వెనక కూర్చుని ఉన్నారు. బల్ల మీద ఫోన్.

"ఏందమ్మా, గింత ఎండల వచ్చినవ్? ఫోన్ చేస్తె అయిపోవు గద."

"చెయ్యి ఎట్లున్నది మామయ్యా?"

"ఏ చెయ్యి?"

"ఎడమ చెయ్యి."

ఆయన కుడిచేత్తో ఎడమ మోచేతిని పట్టుకున్నారు, దాన్ని నాకు కనపడకుండా దాచుకుంటున్నట్టు. ఫోన్ వైపు చూశారు. తర్వాత నా వైపు చూశారు.

"అది చెప్పిందా నీకు?"

"అది చెప్పలే. నేను విన్న. నా పని గదే మామయ్యా. మనోళ్లు దానికి చెప్పిన మాటలు విని రాసుడు."

ఫ్యాన్ టకటకమంటోంది. బయట ఎవరిదో ట్రాక్టర్ పోయింది.

"అవతల మనిషి ఉంటదని నాకు తెల్వదు" అన్నారు.

ఎప్పటి నుంచి అని అడిగాను.

"ఉగాది కాడికెల్లి. దాన్నడిగితె గింజల ముచ్చట చెప్పింది. పెద్ద బీమారైతె చెప్పకపోవునా అనుకున్న."

ఫోన్ తీసి చూపించారు. ఆ జవాబు ఇంకా అందులోనే ఉంది. గింజల బస్తాల మీద ఎక్కువ బరువు పెట్టకూడదనీ, తేమ తగలని ఎత్తయిన చోట నిల్వ చేసుకోవాలనీ, మరిన్ని వివరాలకు మళ్లీ అడగమనీ రాసింది. చక్కని తెలుగు. ఒక్క తప్పు లేదు.

"ఇయ్యాల నొచ్చిందా?"

"పొద్దుగాల షట్టర్ ఎత్తంగ జరంత."

"పోదాం పాండ్రి మామయ్యా. డాక్టర్‌కు సూపిద్దాం."

"రేపు అరవిందుకు సెలవు గద. రేపు..."

"ఇప్పుడే."

ఆయన నాతో ఎప్పుడూ వాదించేవారు కాదు. లేచి, ఫోన్ జేబులో వేసుకుని, షట్టర్ కడ్డీ అందుకుని కుడిచేత్తో ఒక్కదాంతోనే గుంజబోయారు. సగంలో ఆగిపోయారు. నుదుటి మీద చెమట. నేను కడ్డీ తీసుకుని కిందికి లాగాను.

ఊళ్లో డాక్టర్ ఈసీజీ తీసి, ఆ పట్టీని రెండుసార్లు చూసి, నాలుక కింద మాత్ర పెట్టి, హనుమకొండ పొమ్మన్నాడు. ఎట్లా పోవాలి అంటే, ఎంత తొందరగా పోతే అంత మంచిది అన్నాడు. అక్షరను పక్కింట్లో వదిలి, వాళ్ల కారులోనే బయలుదేరాం. అత్తమ్మ ఆవపిండి చేతులు కొంగుకు తుడుచుకుంటూ అట్లాగే ఎక్కింది. దారంతా మామయ్య కళ్లు మూసుకుని ఉన్నారు. ఆమె ఆయన మొహాన్నే చూస్తూ కూర్చుంది.

గుండెకు పోయే రక్తనాళం మూసుకుపోవచ్చిందనీ, ఆ సాయంత్రమే స్టెంటు వేయాలనీ హనుమకొండ దవాఖానలో చెప్పారు. అరవింద్ మహబూబాబాద్ నుంచి నేరుగా వచ్చాడు. లోపలికి తీసుకుపోయాక మేం ముగ్గురం వరండాలో ఇనుప కుర్చీల మీద కూర్చున్నాం. అప్పుడు అత్తమ్మ అడిగింది, నీకెట్లా తెలిసిందని. చెప్పాను. అబద్ధం చెప్పే ఓపిక లేదు.

అరవింద్ తల పట్టుకున్నాడు. "నేనే ఏసిచ్చిన గా ఆప్. ఏం రాసున్నదో సదవకుంట అన్నిటికి సరె సరె అని నొక్కిన."

"నువ్వు ఏసిచ్చినవు గాబట్టె గదరా తెలిసింది" అంది అత్తమ్మ. గొంతులో కోపం లేదు. నా వైపు తిరిగింది.

"ఇన్నేండ్ల సంది పక్కల ఉన్న. నాకు చెప్పకపాయె. గా ఫోనుకు చెప్పిండు."

"మీరు పరేషానయితరని అత్తమ్మా."

"అయిత. మనిషన్నంక పరేషానయితది. అది పరేషాన్ గాదని దానికి చెప్పుకున్నడా?" కొంగు చివరకు అంటుకున్న ఆవపిండిని గోటితో గీకుతూ కూర్చుంది. "నేను అడగకపోతి. గదీ ఉన్నది."

స్టెంటు వేయడం బాగానే జరిగింది. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే కష్టమయ్యేదని డాక్టర్ అన్నాడట. ఆ మాట అరవింద్ నాకొక్కదానికే చెప్పాడు.

మామయ్య ఇంటికొచ్చాక రెండు రోజులకు మళ్లీ మేడ మీద పనికి కూర్చున్నాను. ఆ ముక్క నా ముందు అలాగే ఉంది. మిషను రాత చెరిపేసి, ఆయన అన్నది అన్నట్టు రాసి పంపాను. సాయంత్రానికి ఎర్ర గుర్తుతో తిరిగొచ్చింది: 'ఎడమ చేయి లాగుతోంది' అని మార్చండి. నేను మార్చలేదు. 'గుంజుతుంది' అనే మళ్లీ పంపాను. కింద రాయడానికి చోటు ఉంటే, ఆ మనిషి అన్నది ఇదే, రేపు ఇంకొకరు అనేదీ ఇదే అని రాశాను. అది ఒప్పుకున్నారో, తీసి పారేశారో నాకు తెలియదు.

ఆ వాటాలోనే మామయ్య మాటలు మరికొన్ని వచ్చాయి. పత్తి విత్తనాల ధర ఒకటి. వాన ఎప్పుడని ఒకటి. ఒకదాంట్లో అడగాల్సింది అడిగాక, "మీరు అన్నం తిన్నరా?" అని అడిగారు. ఇంకొకటి ఉంది. అది వినకుండా ఉంటే బాగుండేది.

"నమస్తే అండి. మా ఇంట్లామెతోని ముచ్చట పెట్టాలంటె ఏం మాట్లాడాలె? నాకు దుకాణం ముచ్చట తప్ప ఇంకోటి రాదు. ఆమె వంటింట్ల ఒక్కతె ఉంటది. పోయి నిలబడ్త, మళ్లొస్త. జర సూసి చెప్పుండ్రి."

దానికి మిషను ఏం జవాబిచ్చిందో నాకు కనపడదు. రాసింది మాత్రం తప్పులు లేకుండా రాసుకుంది, ఒక్క 'ముచ్చట' దగ్గర తప్ప. అది దిద్ది, హెడ్‌ఫోన్లు తీసి, పృథ్వీకి మెసేజ్ పెట్టాను, ఇంక నాతో కాదని. ఇంతకాలం విన్నవాళ్లంతా గుర్తొచ్చారు. ఎవరింటివాళ్లో, ఎవరికి చెప్పుకోలేక చెప్పుకున్న మాటలో. వాళ్లకూ తెలియదు అవతల ఒక మనిషి ఉందని. పృథ్వీ పద్ధతి ప్రకారం రాయాల్సినవి రాశాడు. కాసేపటికి వేరే నంబరు నుంచి ఒక మెసేజ్ వచ్చింది: 'అంకుల్ ఎట్లున్నరు అక్కా?'

మామయ్య వాకిట్లో నవారు మంచం మీద పడుకుని ఉండేవారు. ఒక పొద్దున కాఫీ ఇస్తుంటే గ్లాసు అందుకోకుండా అడిగారు.

"వినీతా, ఇంకేం విన్నవ్?"

వంటింట్లో అత్తమ్మ గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"గదొక్కటే మామయ్యా."

ఆయన నా మొహంలోకి చూశారు. నమ్మారో లేదో తెలియదు. గ్లాసు అందుకుని, "మంచిది బిడ్డా" అన్నారు.

ఆ ఆప్‌ను అరవింద్ తీసేస్తానంటే ఆయనే వద్దన్నారు. ధరలు బాగానే చెప్తుంది, ఉండనీ అన్నారు. అత్తమ్మ కూడా తీయమనలేదు. ఆమె మాత్రం రోజూ సాయంత్రం ఆయన మంచం దగ్గరికొచ్చి, "ఎట్లున్నది మీకు?" అని అడగడం మొదలుపెట్టింది. ఆయన, "మంచిగనే ఉన్న" అనేవారు. ఆమె ఇంకొక్క క్షణం నిలబడి లోపలికి పోయేది. మర్నాడు మళ్లీ అదే ప్రశ్న, అదే జవాబు. చూసేవాళ్లకు విసుగొచ్చేది గానీ ఆమెకు రాలేదు.

మృగశిర కార్తె వచ్చింది. మొదటి వాన పడి, రోడ్లన్నీ ఎర్ర బురదయ్యాయి. ఆయన్ను ఒక్కరినే దుకాణానికి పంపేది లేదని అత్తమ్మ తానూ బయలుదేరింది. బస్తాలు ఎత్తడానికి మనిషిని పెట్టాం. పని మానేశాను కాబట్టి మధ్యాహ్నాలు నేనూ పోయి బల్ల దగ్గర నిలబడేదాన్ని. వరి విత్తనాలకూ పత్తి ప్యాకెట్లకూ జనం ఒకరి మీద ఒకరు పడుతున్నారు.

ఒకరోజు ఆ రద్దీలోనే, వెనక స్టూల్ మీద కూర్చున్న అత్తమ్మ అలవాటుగా అడిగింది, "ఎట్లున్నది మీకు?"

మామయ్య చేతిలో ఉన్న ప్యాకెట్ బల్ల మీద పెట్టారు.

"మంచిగ లేదు" అన్నారు.

నేను చేతిలో పని వదిలేసి ఆయన వైపు తిరిగాను. అత్తమ్మ మాత్రం కంగారు పడలేదు. స్టూల్ దగ్గరికి జరుపుకుని, "ఏమయితుంది?" అంది.

"నొప్పేం లేదు. రాత్రి నిద్ర పడ్తలేదు. కండ్లు మూస్తె ఏదో భయమైతుంది. పొద్దుగాల దాక గట్లనే ఉంటున్న."

"నాకు సుత పడ్తలేదు. మీరు లేస్తరేమోనని సూస్కుంటనే పండుకుంట" అంది అత్తమ్మ.

"లేపకపోతివి?"

"పండుకున్నరేమో అనుకుంటి."

ఆయన కుర్చీని ఆమె వైపు తిప్పుకున్నారు. ఆ తర్వాత ఇద్దరి మాటలూ చిన్నవైపోయాయి, నాకు వినపడలేదు. నేను వినడానికి ప్రయత్నించలేదు. బల్ల ముందు దంతాలపల్లి దగ్గరి తండా నుంచి వచ్చిన రాంజీ, తడిసిన తువ్వాలు పిండుకుంటూ నిలబడ్డాడు.

"సావుకారి లేడా అమ్మా? ఏ గింజ పెట్టాల్నో ఆయన్ని అడగాలె."

"ఉన్నరన్నా. మాట్లాడుతున్నరు" అన్నాను. "జర కూసో."